షెన్యాంగ్ ఆసుపత్రిలో నాయన

మొదట నా ఎడమకాలి చెప్పు జారిపోయింది. 2017 ఫిబ్రవరి చివర్లో, చైనాలో, షెన్యాంగ్‌లోని మా హాస్టల్ వరండాలో నడుస్తుండగా. జారిపోయినట్టు నాకు తెలియలేదు. వెనక వస్తున్న నా క్లాసుమేటు పర్వీన్ దాన్ని చేత్తో పట్టుకొచ్చి, "ఏందే, చెప్పు ఒదిలేసి పోతున్నావు" అని నవ్వింది. నేనూ నవ్వాను. గదిలోకి వెళ్లి కూర్చుంటే పాదాల మీద చీమలు పాకుతున్నట్టు అనిపించింది. చలికి తిమ్మిరెక్కాయనుకుని రెండో జత సాక్సులు కూడా తొడుక్కున్నాను.

మాది గిద్దలూరు. నాయనకు స్టేషన్ రోడ్డులో ఇనుప సామాన్ల దుకాణం ఉంది. రాష్ట్రం విడిపోయిన ఏడాది నా ఇంటర్ అయిపోయింది. సీట్ల సంగతి ఎటు తేలుతుందో ఎవరికీ తెలియని రోజులవి. నాకు ఇక్కడ మెడిసిన్ సీటు రాలేదు. ఒంగోలులో ఒక ఏజెంటు, చైనాలో ఇంగ్లీషులోనే ఎంబీబీఎస్ చెప్తారని, మన పిల్లలు చాలామంది అక్కడున్నారని చెప్పాడు. చిన్నాయన ససేమిరా వద్దన్నాడు. ఆడపిల్లను భాష తెలియని దేశానికి ఎట్ల పంపుతావన్నా అని నాయనతో రెండు రోజులు మాట్లాడలేదు. అవ్వ, అంటే మా నాయన తల్లి, మాత్రం నా వైపు నిలబడింది. వాడి మాట పట్టించుకోవద్దు, పోయిరా అంది. పోయేటప్పుడు ఏజెంటు, తల్లిదండ్రుల్లో ఒకరు పాస్‌పోర్టు తీసి పెట్టుకుంటే మంచిదన్నాడు. దేనికని గొణుగుతూనే నాయన విజయవాడ వెళ్లి తన పేరుతో ఒకటి తీసుకున్నాడు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను అక్కడ సంతోషంగా ఉన్నాను. జబ్బు చేసిన తరువాత మా బంధువులందరూ చైనా అంటే ఏదో శాపం అన్నట్టు మాట్లాడారు. నాకు అట్లా అనిపించలేదు. మొదటి ఏడాది మంచు చూసి భయపడ్డాను, రెండో ఏడాది మంచులో బండి తోసుకుంటూ చిలగడదుంపలు కాల్చి అమ్మే ఆమెతో బేరమాడే పాటి భాష వచ్చింది. పాఠాలు ఇంగ్లీషులో, బతుకు చైనీసులో. బస్సులో ముసలమ్మలు నా జడ పట్టుకుని చూసి, ఇది నిజం జుట్టేనా అని అడిగేవాళ్లు. గదిలో వంట చేయకూడదని నియమం. పర్వీన్‌ది కంభం. మా ఊరి నుంచి రైల్లో వెళ్తే ఇట్టే వస్తుంది. అన్నేళ్లు అంత దగ్గర్లో ఉండి ఒకరికొకరు తెలియని మేమిద్దరం, చైనా చేరాక ఒకే కుక్కర్లో పప్పు వండుకుని, వాసన బయటికి పోకుండా తలుపు కింద తువ్వాలు పెట్టుకుని తిన్నాం.

ఆ ఏడాది వాళ్ల కొత్త సంవత్సరం సెలవులకు మేమిద్దరం షియాన్ నగరం చూడడానికి వెళ్లాం. ఊళ్లకు పోయే జనంతో రైలు కిక్కిరిసి ఉంది. పై బెర్తు మీద పడుకుని, కిటికీలోంచి మంచు కప్పిన మొక్కజొన్న చేలు చూస్తూ, నా జీవితంలో అంత దూరం రైలు ప్రయాణం అదే మొదటిసారి అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఏదో తిన్నది పడక కడుపు చెడింది. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. తగ్గిందని మరిచిపోయాను. తరువాత డాక్టర్లు పదే పదే అడిగింది ఆ కడుపునొప్పి గురించే.

చెప్పు జారిన మర్నాడు మెట్లు ఎక్కలేకపోయాను. మోకాళ్లు బరువుగా, నావి కానట్టు ఉన్నాయి. కాలేజీ క్లినిక్‌లో ఒకామె చూసి, చలి ఎక్కువగా ఉంది, వేడినీళ్లు తాగమంది. అక్కడ తలనొప్పికీ వేడినీళ్లే, మనసు బాగాలేకపోయినా వేడినీళ్లే. తాగాను. ఆ సాయంత్రం బాత్రూంలో కూలబడితే లేవలేకపోయాను. పర్వీన్ నన్ను దాదాపు మోసుకుంటూ పెద్దాసుపత్రికి తీసుకుపోయింది.

ఆ ఆసుపత్రి హాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. రైల్వే స్టేషన్ అంత పెద్దది. గోడ మీది లైట్ల బోర్డులో ఎర్ర అక్షరాల్లో పేర్లు పైకి పాకుతుంటాయి. ప్రతి పనికీ ఒక కిటికీ, ప్రతి కిటికీ ముందూ వరస. నన్ను చక్రాల కుర్చీలో ఒక స్తంభం పక్కన వదిలి పర్వీన్ ఒక కిటికీ నుంచి మరో కిటికీకి పరుగెత్తుతోంది. నా పక్కన కూర్చున్న ఎవరో ఆమె నన్ను కాసేపు చూసి, ఏమీ అడగకుండా, నేల మీదికి జారుతున్న నా కాలును ఎత్తి మళ్లీ కుర్చీ పలక మీద పెట్టింది. మళ్లీ జారింది. మళ్లీ పెట్టింది. తన పేరు వచ్చేదాకా అట్లా పెడుతూనే ఉంది.

డాక్టరు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టాడు. కాలు కదలలేదు. రెండో మోకాలూ అంతే. ఆ పాఠం మేం చదువుకున్నాం. ఒంటిని కాపాడాల్సిన శక్తి నరాల మీదికే తిరగబడే జబ్బు ఒకటుంది, అది కాళ్ల నుంచి పైకి పాకుతుంది, ఊపిరి దాకా వెళ్తే ప్రమాదం అని. దాని పేరు గిలియన్ బారే. పరీక్షలో రాశాను కూడా. డాక్టరు చైనీసులో ఆ పేరు చెప్పకముందే నాకు అర్థమైంది. పర్వీన్ ముఖం చూశాను. తనకూ అర్థమైంది.

మార్చి మొదటికల్లా చేతులు పోయాయి. తరువాత మింగడం పోయింది. ఒకరోజు, ఊపిరి పీల్చుకోవడం అనేది నేను గుర్తుపెట్టుకుని చేయాల్సిన పనైపోయింది. నన్ను ఐసీయూలోకి తీసుకుపోయి గొంతులోకి గొట్టం దించారు.

ఐసీయూ గురించి ఎక్కువ రాయలేను. తెలివి పూర్తిగా ఉంది, ఒళ్లు లేదు. ముక్కు మీద దురద పెడితే అది తనంతట తాను పోయేదాకా ఆగాలి. చుట్టూ వినపడేదంతా చైనీసు. భయం ఎక్కువైనప్పుడు నాకు వచ్చిన చైనీసు కూడా మరిచిపోయి, ఆ మాటలన్నీ వట్టి చప్పుళ్లు అయిపోయేవి. జుట్టు పొడుగని, శుభ్రం చేయడం కష్టమని, కత్తిరిద్దామని వాళ్లలో వాళ్లు అనుకున్నారు. ఒక నర్సు ఒప్పుకోలేదు. తన డ్యూటీ ఉన్న ప్రతిరోజూ వచ్చి చిక్కు తీసి జడ వేసేది. నా దేశం ఏదో ఊరు ఏదో అడగలేదు. అడిగినా నేను చెప్పలేను. ఆమె వేళ్లు తల మీద పడినంతసేపూ నేను ఇంకా మనిషినే అనిపించేది.

ఇంట్లో ఏం జరిగిందో తరువాత విన్నాను. పర్వీన్ ఫోన్ చేసినప్పుడు చిన్నాయన, "నేను ఆ పొద్దే చెప్పినా గదన్నా" అన్నాడట. అమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. ఆమెకు పాస్‌పోర్టు లేదు. పైగా అవ్వ అప్పటికే మంచం దిగలేకపోతోంది, చూసుకునే మనిషి కావాలి. అవ్వ నాయనను పిలిచి, ఇక్కడ నాకేం కాదు, నువ్వు బిడ్డ దగ్గరికి పో అందట. వీసా వచ్చేదాకా నాయన దుకాణం షట్టరు ఎత్తలేదు.

అప్పటిదాకా ఆయన విమానం ఎక్కలేదు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. గ్వాంగ్‌జౌలో విమానం మారాలి. పర్వీన్ చైనీసులో రాసిన రెండు వాక్యాలు ఆయన ఫోన్లో ఉన్నాయి. నేను షెన్యాంగ్ వెళ్లాలి, నా కూతురు ఆసుపత్రిలో ఉంది అని. కనపడిన ప్రతి మనిషికీ అది చూపించాడట. విమానాశ్రయంలో నేల తుడిచే ఒకావిడ అది చదివి, చేతిలోది పక్కన పెట్టి, ఈయన చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకుపోయి, అక్కడి ఉద్యోగికి అప్పజెప్పి పోయింది. ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే మొదట బెదిరినానని, తరువాత ఒదిలిపెడితే భయమేసిందని నాయన చెప్పాడు.

ఐసీయూలోకి రోజుకు అరగంట పంపేవాళ్లు. నీలం గౌను, తలకు టోపీ, మూతికి గుడ్డ. కళ్లు చూసి గుర్తుపట్టాను.

"పాపా, నేను వచ్చినా" అన్నాడు.

మా నాయన మాటకారి కాదు. దుకాణంలో కూడా మేకులు తూచి ఇచ్చి ఊరుకుంటాడు. కానీ నేను మాట్లాడలేనని, రెప్పలు మాత్రమే కదపగలనని తెలిశాక ఆయన మాట్లాడడం నేర్చుకున్నాడు. రోజూ ఆ అరగంట, గిద్దలూరు సంగతులన్నీ చెప్పేవాడు. బోర్లు ఎండిపోయాయని, పైపులు కొనేవాళ్లు లేరని, మన వీధిలో కొత్త సిమెంటు రోడ్డు వేస్తున్నారని. సంగతులు అయిపోతే ఉన్నవే మళ్లీ చెప్పేవాడు. నేను రెప్పలు కొట్టేదాన్ని.

మార్చి మధ్యకల్లా జబ్బు పైకి పాకడం ఆగింది. గొంతుకు కోత పెట్టి అక్కడి నుంచి గొట్టం అమర్చారు. ఊపిరి మెల్లగా నాది నాకు వచ్చింది. ఉగాదికి ముందు నన్ను వార్డులోకి మార్చారు. మాట మాత్రం ఇంకా లేదు.

వార్డు గదిలో కిటికీ వైపు మంచం మీద పక్షవాతం వచ్చిన ఒక ముసలామె ఉండేది. ఆమె భర్త పేరు లీ. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. మేం లీ తాత అనేవాళ్లం. అక్కడి ఆసుపత్రుల్లో రోగికి కావాల్సిన సగం పని ఇంటి మనుషులే చేసుకోవాలి. ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, కాళ్లు మర్దన చేయడం. నాయనకు అవేవీ తెలియవు. కూతురి ఒళ్లు తుడవాల్సి వచ్చేసరికి వెనక్కి తగ్గాడు. ఆ పనికి పర్వీన్ క్లాసుల తరువాత రోజూ వచ్చేది. మిగతాదంతా లీ తాత నేర్పాడు. తన భార్యను ఎట్లా తిప్పుతాడో చేసి చూపించేవాడు. నాయన నన్ను అట్లాగే తిప్పేవాడు. భుజం కింద చెయ్యి తప్పు పెడితే లీ తాత వచ్చి ఆ చేతిని జరిపేవాడు.

నాయన గుడ్డు కూడా ముట్టడు. ఆసుపత్రి క్యాంటీనులో కాకరకాయ కూరలో కూడా మాంసం కనపడేది. వట్టి అన్నంలో ఉప్పు కలుపుకుని తింటుంటే లీ తాత చూశాడు. మరుసటి రోజు నుంచి ఇంటి నుంచి దోసకాయ ముక్కలు, టోఫు, పిండితో ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు తెచ్చి పెట్టేవాడు. వాళ్లిద్దరూ వరండా బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని తినేవాళ్లు. ఈయన తెలుగులో ఏదో అంటాడు, ఆయన చైనీసులో ఏదో అంటాడు, ఇద్దరూ తలలు ఊపుతారు. తలుపు తెరిచి ఉంటే నాకు కనపడేది. ఇద్దరి మాటలూ అర్థమయ్యేది ఆ గదిలో నాకొక్కదానికే. అడ్డుపడి చెప్పడానికి నాకు నోరు లేదు. నాయన, మా ఊళ్లో ఈ పాటికి మామిడికాయ వచ్చింటుంది అంటే, లీ తాత, అవునవును, మా బస్సుకు ఆ రోజుల్లో హీటరు ఉండేది కాదు అనేవాడు.

ఉగాది వెళ్లిన వారంలో ఒక పొద్దున నాయన ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. క్లాసులో ఉండాల్సిన పర్వీన్ వచ్చింది. నన్ను పలకరించి, నా వైపు సరిగ్గా చూడకుండా బయటికి పోయింది. లీ తాతతో ఆమె ఏదో మెల్లగా చెప్తుండడం కనపడింది. ముసలాయన నాయన భుజం మీద చెయ్యి వేసి లిఫ్టు వైపు నడిపించుకుపోయాడు. పర్వీన్ వచ్చి నా దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నానికి నాయన తిరిగి వచ్చాడు. తల తడిగా ఉంది. ఒంటి మీద వేరే చొక్కా ఉంది. బయట ఇంకా చలి పోలేదు, ఆ చలిలో తలస్నానం ఎందుకు చేశాడో అర్థం కాలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించి, "గాలికి పాపా" అన్నాడు. తరువాత రోజూలాగే నా కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు మర్దన చేయడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆయన ఏమీ తినలేదు. ఆ తరువాత కూడా చాలా రోజులు ఒంటిపూటే తిన్నాడు. ఆయనకూ ఏదో జబ్బు మొదలైందేమో, నాకు చెప్పడం లేదేమోనని భయపడుతూ ఉండిపోయాను.

ఏప్రిల్ చివర గొట్టానికి మూత పెట్టి మాట్లాడించారు. బొంగురు గొంతుతో మొదట నాయనా అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. అమ్మతో వీడియోలో మాట్లాడాను. తరువాత అవ్వకు ఇవ్వమన్నాను. అమ్మ, సరిగ్గా వినపడడం లేదంటూ ఫోన్ పెట్టేసింది. నాయన, అవ్వకు చెవులు బొత్తిగా వినపడడం లేదని, ఫోన్లో మాట్లాడితే విసుక్కుంటోందని, నా మాట తాను చేరవేస్తానని చెప్పాడు. నమ్మాను.

మేలో లీ తాత భార్యను వాళ్ల ఇంటికి దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి మార్చారు. ఆమె ఇక నడవదని తేలిపోయింది. వెళ్లే రోజు ఆయన బట్టలూ గిన్నెలూ సంచిలో సర్దుకుని నా మంచం దగ్గరికి వచ్చాడు. నాయన నా దిండు సరిచేస్తూ అటుపక్క నిలబడి ఉన్నాడు. లీ తాత నాతో మాట్లాడేటప్పుడు చిన్న చిన్న మాటలే వాడేవాడు.

"నువ్వు నడుస్తావు. నువ్వు చిన్నదానివి" అన్నాడు. తరువాత నాయన వైపు చూసి, "మీ నాన్న మంచి మనిషి. తన తల్లి చనిపోతే కూడా నిన్ను వదిలి పోలేదు. ఆ రోజు మా ఇంట్లో స్నానం చేసి, నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను టీ పెట్టి ఇచ్చాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు" అన్నాడు.

నాకు తెలుసనే అనుకున్నాడాయన. దాచిపెట్టినట్టు ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తనను మెచ్చుకుంటున్నాడని మాత్రం తెలిసి, సిగ్గుపడుతూ నవ్వి, చేతులు జోడించాడు. నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు పాపా?" అని అడిగాడు.

"నేను నడుస్తానంటున్నాడు" అన్నాను.

"ఆయన నోటి మాట నిజం కావాల" అన్నాడు నాయన.

ఆ మధ్యాహ్నం ఫిజియోథెరపీలో నన్ను కమ్మీల మధ్య నిలబెట్టినప్పుడు ఏడ్చాను. నొప్పి అనుకుని వాళ్లు ఆపేశారు. నొప్పేనని చెప్పాను. రోజూ ఏడవడానికి నాకు ఆ గది దొరికింది. నాయన ముందు ఏడవలేదు. ఆయన గుండు కూడా కొట్టించుకోలేదు. కొట్టించుకుంటే నాకు తెలిసిపోతుందని. మైల బట్టతో కూర్చోలేదు, నన్ను ముట్టకుండా ఉండలేదు. పాడె మోయలేదు. అదంతా నా కోసం అట్లా మింగి కూర్చున్న మనిషికి, నాకు తెలుసని చెబితే ఏమవుతుందో ఊహించలేకపోయాను. ఆయన కూలిపోతే ఆ దేశంలో మా ఇద్దరికీ దిక్కు లేదు. పర్వీన్‌ను ఒక్కదాన్నే నిలదీశాను. "మీ నాయన ఒట్టు పెట్టించుకున్నాడే" అని ఏడ్చింది. ఇద్దరం ఇట్లాగే ఉందామనుకున్నాం.

నేను అవ్వ గురించి అడగడం ఉన్నట్టుండి మానేస్తే ఆయనకు అనుమానం వస్తుంది. అందుకని రోజూ అడిగాను. ఆయన నా కాళ్లు మర్దన చేస్తుండగా, అవ్వ ఎట్లుంది నాయనా అనేదాన్ని. ఆయన చేతులు ఒక క్షణం ఆగేవి. తరువాత చెప్పేవాడు. పొద్దున సంగటి తిన్నదంట. కరెంటు పోయిందని కరెంటాఫీసోళ్లను తిట్టిందంట. పక్కింటామె పచ్చడి పంపితే ఉప్పెక్కువైందని తిప్పి పంపిందంట. అన్నీ అవ్వ చేసే పనులే. నేను నవ్వేదాన్ని. మరుసటి రోజు మళ్లీ అడిగేదాన్ని.

జూన్‌లో కాళ్లకు ప్లాస్టిక్ పట్టీలు వేసి నడిపించారు. కర్ర సాయంతో వరండా చివరిదాకా వెళ్లి రాగలిగాను. పాదాలు మాత్రం లేవలేదు. ఇప్పటికీ పూర్తిగా లేవవు.

ఆ తరువాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కాలేజీవాళ్లు ఒక ఏడాది సెలవు ఇచ్చారు. ఏడాది తరువాత కూడా నేను గంటసేపు నిలబడలేకపోయాను. తిరిగి వెళ్లలేదు. నా పుస్తకాలూ కోటూ పర్వీన్ కోర్సు ముగించి వచ్చేటప్పుడు తెచ్చి ఇచ్చింది. ఆమె ఇప్పుడు డాక్టరు. నేను దుకాణంలో కూర్చుంటాను. మార్కాపురం పలకరాయి వ్యాపారులు చైనావాళ్లతో మాట్లాడాల్సి వస్తే నాకు ఫోన్ చేస్తారు. ఆ భాష మాట్లాడుతున్నంతసేపూ నాకు ఇరవై ఏళ్లుంటాయి. ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

ఇది చదివే పిల్లలు ఎవరైనా అట్లాంటి హాస్టళ్లలో ఉంటే ఒక్కటే చెప్తాను. కాళ్లలో తిమ్మిరి మొదలై పైకి పాకుతుంటే, మెట్లు ఎక్కలేకపోతుంటే, వేడినీళ్లు తాగి పడుకోకండి. పక్కగదివాళ్లను లేపండి. పర్వీన్ ఆ సాయంత్రం నన్ను మోసుకుపోబట్టి ఇది రాస్తున్నాను. ఇంటినుంచి పిల్లలను పంపినవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మా నాయనను చూశాను కాబట్టి మీకు సలహా ఇచ్చే ధైర్యం లేదు.

జూన్ నెలాఖరులో బయల్దేరాం. హైదరాబాదులో దిగి, నా కాళ్ల కోసం కారు మాట్లాడుకున్నాం. శ్రీశైలం దారిలో అడవి దాటి దోర్నాల చేరేసరికి వాన వెలిసింది. డ్రైవరు టీ తాగొస్తానని దిగిపోయాడు. నాయన నా పక్కన కదలకుండా కూర్చున్నాడు. అప్పటిదాకా ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. ఇంకో రెండు మూడు గంటల్లో ఇల్లు వస్తుంది. ఇంట్లో అవ్వ మంచం ఉండదు.

"పాపా, ఇల్లు చేరేలోపల నీకొక మాట చెప్పాల" అన్నాడు.

"నాకు తెలుసు నాయనా."

"ఏం తెలుసు?"

"అవ్వ లేదని."

ఆయన నా వైపు చూడలేదు. ముందు సీటు వెనక భాగాన్ని చూస్తున్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు. లీ తాత అని, పోయే రోజు అని చెప్పాను. ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"ఆయన పోయినాక కూడా నువ్వు రోజూ అడిగినావే" అన్నాడు.

"అడిగినా."

బయట తడిసిన మట్టి మీద మేకలు పోతున్నాయి. వాటిని తోలే ఆమె కర్రతో తట్టి వాటిని కారుకు పక్కగా జరిపింది.

"నువ్వు అడుగుతావని పొద్దున్నే లేసి అనుకునేవాణ్ని" అన్నాడు నాయన. "ఈపొద్దు అమ్మ ఏం తినింటుంది, ఎవర్ని తిట్టింటుంది అని. నీకు చెప్పాల గదా అని. అట్ల చెప్తా చెప్తా ఉంటే, నాకు అమ్మ పోయినట్టే లేకపోయింది పాపా."

డ్రైవరు వచ్చి కారు తీశాడు. మార్కాపురం, కంభం దాటాం.

ఇంటి ముందు అమ్మ, చిన్నాయన నిలబడి ఉన్నారు. చిన్నాయనకు గుండు మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి. అవ్వ పోయిన రోజు ఫోన్లో, నువ్వు రావాల్సిందే అని ఈయన మీద అరిచాడని, పెద్దకర్మ అయ్యాక ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదని అప్పటికి నాకు తెలియదు. నాయన కారు తలుపు తీసుకుని దిగాడు. నన్ను దించాలన్నది కూడా మరిచిపోయి తిన్నగా వెళ్లి తమ్ముడి భుజం మీద తల పెట్టాడు.

"అమ్మ ఏదిరా" అన్నాడు.

అంతే. వీధిలో వాళ్లందరూ బయటికి వచ్చేలా ఏడ్చాడు. ఆ ముందు రోజు వరకూ రోజూ సంగటి తిని, కరెంటువాళ్లను తిట్టిన మా అవ్వ, ఆయనకు ఆ సాయంత్రమే పోయింది. చిన్నాయన ఆయనను గట్టిగా పట్టుకున్నాడు. అమ్మ అరుగు మీద కూలబడింది. నేనున్నానన్న సంగతి చాలాసేపు ఎవరికీ గుర్తు రాలేదు. కారు తలుపు తెరిచే ఉంది. నేను ఒక కాలును చేతులతో ఎత్తి బయట పెట్టాను. రెండోది కూడా పెట్టాను. అంతకుమించి చేతకాలేదు. మా నాయన ఏడుస్తుంటే దగ్గరికి పోలేక, కాళ్లు నేలమీద ఆనించుకుని అట్లాగే కూర్చున్నాను.